మంద్రతంత్రి: లోహములును నాదమును

వీణ గాని, తంబుర గాని, ఫిడేలు గాని యింట నున్నవారికి తీగ తెగుట క్రొత్త సంగతి కాదు. తెగినదానికి బదులుగా ఏ తీగ వేయవలె నన్నప్పుడే చిక్కు వచ్చును. సన్నని తీగయైనచో ఎట్లో దొరకును. లావుతీగ, అనగా మంద్రస్థాయిలో పలుకు తీగ తెగినచో, పట్టణమునకు కబురంపుటకు బద్ధకించి, చేతికందిన కమ్మి నేదో బిగించి, మ్రోగుచునే యున్నది గదా యని యూరకుందుము. మ్రోగుట వేఱు, పలుకుట వేఱు. ఈ రెంటికిని గల భేదము తీగ దేనితో చేయబడినది, ఎట్లు చేయబడినది అనుదానియందే చాలవఱకు దాగియున్నది. నేటి ప్రసంగమున ఆ సంగతియే ముచ్చటింపదలచితిని.

కోనసీమ పెద్దలతో దీనిని ప్రస్తావించుటకు కారణములు రెండు. వీణ నేర్చిన స్త్రీలుండిన యిండ్లు ఈ ప్రాంతమున నేటికిని గలవు; ఆ వీణలు గవిసెనలలో మౌనముగా నున్న యిండ్లును గలవు. ఇది యొకటి. రెండవది, మన మనుమలకు ఇప్పుడు బేసు గిటారుపై మక్కువ కలిగినది. పెండ్లిపందిళ్ల పాటకచ్చేరీలలోను, గ్రామముల చర్చీలలోను, సినిమాపాటలలోను అడుగున గంభీరముగా నడచు నాదము దానిదే. ఇళయరాజా కట్టిన తెలుగుపాటలు వినినవారికి ఆ నాదము పరిచితమే. కుఱ్ఱవాడు వచ్చి, తాతా, తీగలు మార్చవలెను, డబ్బిమ్మనును. ఉన్న తీగలు తెగలేదు గదా యని తాతగా రడుగును. ఇద్దఱి మాటయందును న్యాయము కలదు. ఎవరి మాట ఎంతవఱకు సరియో తేల్చుటకు తీగ స్వభావము తెలియవలెను.

ఇది కోనసీమకు పరాయి విద్య కాదు. 1930 వ సంవత్సరమున రాజోలు తాలూకా శంకరగుప్తములో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. బిడ్డ పుట్టిన కొలది దినములకే ఆమె గతించినది. ఆ బిడ్డ పెరిగి గాయకుడుగా ప్రఖ్యాతుడగుటయే గాక, వయొలా యను వాద్యమును కర్ణాటక సంగీతసభలకు పరిచయము చేసి మెప్పించెను. వయొలా యనగా ఫిడేలు కంటె అయిదు స్వరములు దిగువన పలుకు దాని యక్కగారు. గోదావరి డెల్టాలోనే ద్రాక్షారామమున 1922 లో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు వీణను దేశమంతట వినిపించిరి. వారి శిష్యులు, 1936 లో కాకినాడలో జన్మించిన చిట్టిబాబుగారు, ఆ బాణీని తమ దారిలో మఱింత విస్తరింపజేసిరి. వీరందఱు శ్రమించినది తీగపైననే.

ఇక విషయమునకు వత్తము. తీగ పలుకు స్వరము మూడింటిని బట్టి యుండును: నిడివి, బిగువు, బరువు. ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్ 1636 లో ప్రకటించిన గ్రంథమున ఈ మూడింటి లెక్కను తేటపఱచెను. తీగను సగము చేసినచో స్వరము ఒక స్థాయి హెచ్చును. బిగువును నాలుగింతలు చేసినను ఒక స్థాయి హెచ్చును. బరువును నాలుగింతలు చేసినచో ఒక స్థాయి తగ్గును. బరువనగా ఇక్కడ మొత్తము తీగ బరువు కాదు, జానెడు తీగ ఎంత తూగునో ఆ బరువు.

దీనిని వీణకు అన్వయింతము. హార్మనీ పెట్టెలో మూడవ తెల్లమెట్టును షడ్జముగా నుంచుకొన్నా మనుకొనుడు. (ఆకాశవాణిలో 1940 మొదలు 1971 వఱకు హార్మనీకి ప్రవేశము నిషిద్ధము, అయినను పల్లెలలో శ్రుతికి కొలబద్ద అదియే గదా!) అప్పుడు సారణి తీగ సెకనుకు సుమారు 165 మార్లు కంపించును. పంచమపు తీగ 124, మంద్రము 82, అనుమంద్ర పంచమము 62. బేసు గిటారు నాలుగు తీగలును వరుసగా 98, 73, 55, 41 మార్లు కంపించును. అనగా మన వీణయొక్క అనుమంద్ర తీగ బేసు గిటారు తీగల నడుమనే చోటు చేసికొని కూర్చున్నది. రెండు వాద్యములందును తీగ నిడివి రెండు మూరలకు కొంచెము తక్కువయే. మనుమని గిటారును చూచి, ఇదేమి విదేశపు మ్రోత యని ముఖము చిట్లించు తాతగారు తమ యింటి వీణ నాలుగవ తీగను ఒకమారు మీటి చూతురు గాక.

నిడివి నాలుగు తీగలకును ఒకటే. బిగువు కూడ ఇంచుమించు సమానముగా నుండవలెను. లేకున్న ఒక తీగ వ్రేలికి గట్టిగాను, మఱొకటి వదులుగాను తగులును. కావున స్వరము దిగవలెనన్న మిగిలిన దారి బరువొక్కటే. సారణికిని అనుమంద్రమునకును గల కంపనముల నిష్పత్తి ఎనిమిదికి మూడు. లెక్క వేసినచో అనుమంద్ర తీగ సారణికంటె ఏడింతలు బరువుండవలెను. ఏడింతల బరువు ఎట్లు తెత్తుము? అదే ఉక్కుతీగను లావు చేసినచో చాలదా?

చాలదు. ఇక్కడనే అసలు కిటుకు కలదు. తీగ రెండింతలు లావైనచో బరువు నాలుగింతలగును. కాని వంగక నిలుచు మొండితనము పదునాఱింతలగును. లావైన ఒంటికమ్మి క్రమముగా తీగ లక్షణమును వదలి గడ్డపాఱ లక్షణమును పొందును. గడ్డపాఱను రాతిపై కొట్టినప్పుడు ఖంగుమను నాదము వినినారు గదా. దానిలో ఏ స్వరమున్నదో చెప్పగలరా? చెప్పలేరు. మంచి తీగ మ్రోగునప్పుడు మూలస్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపించు ఉపస్వరములు కూడ పుట్టును. అవి లెక్క తప్పక వరుసగా నుండుటచేతనే చెవికి ఇంపు. మొండి కమ్మిలో ఆ ఉపస్వరములు లెక్కకు మించి పైకి జరిగిపోవును. ఒకదానితో నొకటి కలియవు. అందుచేత శ్రుతి ఎంత సరిచేసినను కలిసినట్లుండదు. వినువాడు వాయించువానిని తప్పుపట్టును, తప్పు కమ్మిది.

మంద్రతీగకు ఈ దోషము మఱింత చేటు. వీణకుండ చిన్నది. 62 కంపనముల మూలస్వరమును అది బలముగా బయటికి పంపజాలదు. మీ రేడియోపెట్టెలోని చిన్న స్పీకరు అంతకంటెను అసమర్థము. అయినను ఆ స్వరము మీకు వినబడుచున్నట్లే తోచును. కారణమేమనగా, 124, 186, 248 ఇత్యాదిగా ఉపస్వరములు చెవిని చేరును. వానిని బట్టి మూలస్వర మిదియని మన బుద్ధియే ఊహించి పూరించుకొనును. కాబట్టి మంద్రస్వరము వినబడుట యనునది ఉపస్వరముల చలవ. అవి చెడినచో మంద్రమే లేదు.

అట్లయిన బరువు పెరుగవలెను, మొండితనము పెరుగరాదు. దీనికి మనుష్యుడు కనిపెట్టిన ఉపాయము చుట్టుతీగ. సన్నని తీగ నొకదానిని లోపల పెట్టి, దానిపై వేఱొక మెత్తని లోహపు తీగను దగ్గఱ దగ్గఱగా చుట్టుట. బిగువును మోయునది లోపలి తీగ. పైచుట్టు బరువును మాత్రమే యిచ్చును, వంగుటకు అడ్డురాదు. అమలాపురము ప్రక్కన బండారులంకలో మగ్గములు చూచినవారికి దీనిని వేఱుగా వివరింప నక్కఱలేదు. జరీపోగు ఇట్టిదే: లోపల పట్టుదారము, పైన వెండిఱేకు చుట్టు. ఐరోపాలో చుట్టుతీగల ప్రస్తావన 1664 నాటికే అచ్చులో కనబడుచున్నది. గిటారు మంద్రతీగలకు చిరకాలము పట్టునూలుపై వెండిపూత పూసిన రాగితీగను చుట్టెడివారు. అది మన జరీకి తోబుట్టువే.

బాలమురళిగారి వయొలా సంగతి ఇక్కడ చెప్పుట తగును. ఫిడేలు కంటె అయిదు స్వరములు దిగవలెనన్న, నిజమునకు వాద్యము ఒకటిన్నర రెట్లు పెద్దది కావలెను. అంత వాద్యమును భుజముపై నెవరు మోయగలరు? ఫిడేలు పెట్టె 14 అంగుళములుండగా వయొలా పెట్టె 16 అంగుళములకు అటునిటుగా మాత్రమే యుండును. కొఱతపడిన పరిమాణమును తీగ బరువు పూడ్చవలసినదే. ఆ బరువును లోహపు చుట్టే యిచ్చును. పెట్టె ఉండవలసినంత పెద్దది కాకపోవుటచేతనే వయొలా నాదమునకు ఆ మసక, ఆ గొంతు బొంగురు. అదియే దాని యందమని నా మతము.

ఇప్పుడు పదార్థముల మాట. ముందుగా ఒక భ్రమను తొలగింపవలెను. సన్నని తీగ వేసినచో ఇంకను పైశ్రుతికి బిగింపవచ్చునని పలువురు తలంతురు. అది సరికాదు. సన్నని తీగకు బిగువు తక్కువ చాలునుగాని, దాని బలమును అదే పాలున తగ్గును. ఎంత శ్రుతి వద్ద తెగునో నిర్ణయించునది లావు కాదు. నిడివియు, పదార్థపు గట్టితనమును, బరువునే. ఉక్కు ఇందులో మేటి. 19 వ శతాబ్దమున పియానోల కొఱకు ఐరోపావారు మిక్కిలి బలమైన ఉక్కుతీగను తయారుచేయ నేర్చిరి. నేటి తంత్రీవాద్యముల ఉక్కు ఆ వంశమునకు చెందినదే. ఇత్తడి ఉక్కుకంటె కొంచెము బరువు, బలము మాత్రము చాల తక్కువ. సారణి స్థానమున ఇత్తడితీగ వేసినచో శ్రుతికి వచ్చునప్పటికే తెగుటకు సిద్ధముగా నుండును. మంద్రస్థానమునకు మాత్రము ఇత్తడి, కంచు చక్కగా నప్పును. అచ్చట బిగువు మోయు పని తక్కువ. పూర్వులు వీణకు పై రెండు తీగలను ఉక్కుతోను, క్రింది రెంటిని ఇత్తడి లేక కంచుతోను వేయుట ఈ కారణము చేతనే. ఉక్కులో సగపాలు మాత్రమే మొండితనము గల లోహమగుటచేత ఇత్తడి నాదము మెత్తగా నుండును. నేడు చాలవఱకు ఆ రెండు స్థానములందును ఉక్కుపై రాగి గాని, కంచు గాని, వెండిపూత తీగ గాని చుట్టినవి వాడుచున్నారు. వీనిలో నాదము ఎక్కువసేపు నిలుచును, శ్రుతి నికరముగా నుండును. ఒంటి ఇత్తడిలోని నెమ్మదితనము కొంత పోయినదన్న వృద్ధవైణికుల మాటయందు సత్యము లేకపోలేదు.

ప్రేవుతీగ వేఱొక జాతి. మేక, గొఱ్ఱె ప్రేవులను శుభ్రపఱచి, పేనిన నరము. ఫిడేలునకు పూర్వమంతయు ఇదియే. బాలుస్వామి దీక్షితులు 19 వ శతాబ్దారంభమున ఫిడేలును కర్ణాటక సంగీతములోనికి తెచ్చినప్పుడు మ్రోగిన తీగలు ఇట్టివే. మొదటి ప్రపంచయుద్ధమున గాయములు కుట్టుటకు ఈ నరమే కావలసివచ్చెను, వాద్యములకు కఱవైనది. ఆ కాలమునుండియే ఫిడేలు పైతీగ ఉక్కుగా మాఱెను. రెండవ యుద్ధమున మఱల అదే కఱవు. గిటారునకు అప్పుడు నైలాను తీగలు వచ్చినవి. 1938 లో లోకమునకు ప్రకటితమైన నైలానును న్యూయార్కులో ఆగస్టీన్ అను వాద్యనిర్మాత తీగలుగా మలచెను. స్పెయిను దేశపు గిటారు విద్వాంసుడు సెగోవియా వానిని ఆదరించెను.

నరము, నైలాను, పట్టు ఇవన్నియు ఉక్కుకంటె ఆఱేడింతలు తేలిక. వీని లోపలి పోగులు కంపించునప్పుడు ఒకదానితో నొకటి రాచుకొని నాదమును తినివేయును. ముఖ్యముగా పై ఉపస్వరములు త్వరగా చచ్చిపోవును. అందుచే నాదము గుండ్రముగా, మెత్తగా, కొంచెము మందముగా నుండును. ఈ రాపిడి మితిమీఱినచో ఏమగునో తెలియవలెనన్న కొబ్బరిపీచు త్రాడును బిగించి మీటి చూడుడు. కోనసీమలో దానికి కొదువ లేదు గదా. ధుబ్బుమని ఒక దెబ్బ, అంతే. పీచుపోగు పొట్టిది, పేనిన మెలికలలో జారుచుండును, మీటిన శక్తి యంతయు ఆ జారుటలోనే వ్యయమగును. నావను కట్టుటకు ఆ గుణమే మేలు, తంతికి పనికిరాదు.

మఱి వీణకు నైలాను తీగ వేయరాదా? మెత్తని నాదము వచ్చును గదా? వేయరాదు, కారణము గమకము. వైణికుడు మెట్టుపై తీగను ప్రక్కకు లాగి మూడు నాలుగు స్వరములను ఒక్క మెట్టునుండియే పలికించును. లాగినప్పుడు తీగ రవంత సాగును. ఆ సాగుటచేత బిగువు హెచ్చి స్వరము పైకి పోవును. ఉక్కు సాగుటకు ఇష్టపడదు. అందువలన కొంచెము లాగినను బిగువు చాల హెచ్చును, స్వరము చప్పున లేచును. నైలాను సాగుడు పదార్థము; ఎంత లాగినను స్వరము బద్ధకముగా కదలును. అనగా వీణలోని గమకము ఉక్కు యొక్క మొండితనముపై ఆధారపడియున్నది. దోషమని చెప్పుకొన్నదే ఇక్కడ గుణమైనది.

వీణ గుఱ్ఱమును గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోజాలను. దాని పైభాగము లోహపు ఱేకు. అది బల్లపరుపు కాదు, సన్నని ఒంపు గలది. తీగ కంపించునప్పుడు ఆ ఒంపును మెల్లగా తాకుచు, విడుచుచు నుండును. బాల్యమున విశాఖపట్టణములో చదివిన చంద్రశేఖర వేంకట రామన్ గారు 1921 లో వీణ, తంబురల గుఱ్ఱములను గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. మామూలు శాస్త్రము ప్రకారము ఏ చోట మీటినచో ఏ ఉపస్వరము పుట్టరాదో, ఈ వాద్యములలో ఆ ఉపస్వరము కూడ బలముగా వినబడుచున్నదని వారు చూపిరి. కారణము ఆ ఒంపు గుఱ్ఱమే. తంబురలో ఈ పనిని మఱింత నేర్పుతో చేయునది జీవాళి, అనగా తీగక్రింద దూర్చిన దారపు పోగు. వెండ్రుకవాసి అటునిటు జరిపినచో నాదమునకు ప్రాణము వచ్చును, పోవును. నాలుగవదైన ఇత్తడి మంద్రషడ్జమును మీటగా పైన గాంధారము తనంతట వినబడును. 1550 లో రామామాత్యుడు స్వరమేళకళానిధియందు చెప్పిన స్వయంభూస్వరములు ఇవియే. లెక్కలో మూలస్వరమునకు అయిదింతల కంపనము. తుప్పు పట్టిన తీగ వేసి స్వయంభూగాంధారము కొఱకు చెవి యొగ్గుట వ్యర్థము.

ఇక మనుమని బేసు గిటారు. పూర్వము పాశ్చాత్యుల మంద్రవాద్యము మనిషికంటె ఎత్తైన డబుల్ బేసు. దానికి నరపు తీగలు. దానిని మోయుట కష్టము. మేళములో వినబడుట యంతకన్న కష్టము. 1951 లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు లియో ఫెండర్ అను నతడు మెట్లు గల, విద్యుత్తుతో పలుకు బేసు గిటారును విపణికి తెచ్చెను. దాని కుండ ఖాళీది కాదు, గట్టి కొయ్యపలక. నాదమును పుట్టించునది పలక కాదు. తీగలక్రింద నున్న అయస్కాంతమును, దానిచుట్టు చుట్టిన సన్నని రాగితీగయును. పైన ఉక్కుతీగ కదలినప్పుడు అయస్కాంతపు ప్రభావము కదలి, రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. దీనినుండి తేలిన దేమనగా, ఈ వాద్యమునకు తీగ అయస్కాంతము నెఱుగు లోహమై తీరవలెను. ఉక్కు, నికెలు పలుకును. ఒంటి ఇత్తడి, నరము, నైలాను వేసినచో వాద్యము మూగ. నైలాను పట్టీ చుట్టిన బేసు తీగలు అమ్ముదురే యనవచ్చును. వానిలోపల ఉక్కు ఉండును, అందుచే పలుకును.

ఇందులో పైచుట్టు ఎట్టిదన్న దానిపై నాదము మిక్కిలి మాఱును. చుట్టు తీగ గుండ్రనిదైనచో తీగపై గరుకు మిట్టపల్లములుండును. పై ఉపస్వరములు హెచ్చు, నాదము గణగణలాడును. వ్రేలు జరిపినప్పుడు కీచుమనును. చుట్టునది చదునైన ఱేకైనచో తీగ పాముపొట్టవలె నున్నగా నుండును; నాదము మెత్తగా, లోతుగా, తక్కువసేపు నిలుచును. మొదటి కాలమున అందఱును చదును చుట్టువే వాడిరి. 1966 లో ఆంగ్లదేశపు రోటోసౌండ్ సంస్థ, ది హూ అను మేళమునకు చెందిన ఎంట్విసిల్ అను వాద్యకారుని కోరికపై గుండ్రచుట్టు తీగలను సిద్ధపఱచెను. ఆ గణగణ నాదము యువకులను ఆకర్షించెను. దీనికి విరుద్ధముగా అమెరికాలో మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమర్సన్, చదును చుట్టు తీగలను తెగువఱకు మార్చెడివాడు కాడు. పాతబడిన కొలదియు ఆ నాదమే తనకు కావలెనని అతని భావము. చుట్టు లోహమునందును భేదమున్నది. శుద్ధ నికెలు నెమ్మది; నికెలు పూత పూసిన ఉక్కు మధ్యమము; తుప్పు పట్టని ఉక్కు మిక్కిలి స్ఫుటము, కాని మెట్లను త్వరగా అరగదీయును.

తాతగారి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. తెగని తీగ చచ్చుట గలదు. వ్రేళ్ల చెమట, జిడ్డు, దుమ్ము గుండ్రచుట్టుల సందులలో చేరి గట్టిపడును. అప్పుడు చుట్టులు స్వేచ్ఛగా వంగవు. మనము చెప్పుకొన్న కొబ్బరిత్రాటి రాపిడి తీగలోనే పుట్టును. మొదట పై ఉపస్వరములు పోవును, పిదప శ్రుతియే నిలువదు. గుండ్రచుట్టు తీగలు నిత్యము వాయించువానికి కొలది నెలలలోనే ఈ దశకు వచ్చును. అట్లని ప్రతిసారియు క్రొత్తవి కొననక్కఱలేదు. తీగలను విప్పి, నీటిలో కొన్ని నిమిషములు మరగించి, తడి పూర్తిగా ఆర్చి మఱల వేసినచో జిడ్డు వదలి కొంతకాలము బ్రదుకును. బేసు వాద్యకారులలో ఇది అలవాటైన పనియే. భక్తిగీతములకు, నెమ్మది పాటలకు వాయించు కుఱ్ఱవాడైనచో చదును చుట్టు తీగలు కొనియిచ్చుట లాభము. ఖరీదు హెచ్చైనను ఏండ్ల తరబడి యుండును. గణగణ నాదమే కావలెనన్నచో వాడు కోరినవే యీయవలెను, ఆ వ్యయమును భరింపవలెను.

ఈ సీమ గాలిని గూర్చి హెచ్చరిక యొకటి చెప్పవలెను. అంతర్వేది మొదలు ఓడలరేవు వఱకు సముద్రపు టుప్పుగాలి. లోపల కాలువల చెమ్మ. ఉక్కుతీగకు ఇంతకన్న శత్రువు లేదు. తుప్పు తీగపొడవున సమముగా తినదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కొఱుకును. బరువు సమముగా లేని తీగ ఏ మెట్టుపైనను సరిగా పలుకదు. మేళము సరిచేయువానిని పిలిచి మెట్లు మార్పించినను గుణము కనబడదు. తీగ గరుకైనచో మెట్లను కోసివేయును. వాయించిన తరువాత ప్రతి తీగను పొడి నూలుగుడ్డతో పైనుండి క్రిందికి ఒకమారు తుడుచుట రెండు నిమిషముల పని. వానకాలమున పనసకొయ్య చెమ్మ పీల్చును, ఎండకాలమున మెట్లక్రింది మైనము మెత్తబడును. కావున వీణను పొయ్యి దాపునను, తడిగోడ దాపునను ఉంచరాదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి వీణలు చేయు వంశములవారు ఇప్పటికిని కలరు. వారి పనితనము ఎంత గొప్పదైనను, ఉప్పుగాలికి తీగ నప్పగించి వారిని నిందింపరాదు.

ప్రమాదమైన సంగతి మఱొకటి. అనుమంద్ర తీగ తెగినప్పుడు సైకిలు బ్రేకుతీగ నుండి పోగు తీసి వేయుట, లావు కమ్మిని బిగించుట ఎంత మాత్రము కూడదు. ఉండవలసినదానికంటె రెండింతలు లావైన తీగను అదే శ్రుతికి బిగించినచో బిగువు నాలుగింతలగును. దండి వంగును; మేళమంతయు తప్పును; అతుకు పెట్టిన వీణయైనచో అతుకువద్ద నోరు విప్పును. బేసు గిటారులో నాలుగు తీగల బిగువును కలిపినచో ఇంచుమించు ఒక పెద్దమనిషి బరువంత యుండును. ఆ మెడలో ఇనుపకడ్డీ యమర్చి దానిని ఆపుదురు. వీణదండిలో అట్టి కడ్డీ లేదు. బిగించునప్పుడు తీగ తెగి కంటికి తగులుట కూడ గలదు. ముఖమును తీగకు ఎదురుగా నుంచక, బిరడను కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

గవిసెనలోని పాతవీణను మఱల పలికింప దలచినవారు మొదట తీగల నన్నిటిని ఒక్కసారి విప్పివేయరాదు. బిగువు హఠాత్తుగా పోయినచో గుఱ్ఱము కదలి పడును, దాని స్థానము మఱల కుదుర్చుట నేర్పరి పని. ఒక తీగ తీసి, దాని స్థానమున క్రొత్తది వేసి, కొంత బిగించిన తరువాతనే రెండవదానిని తీయవలెను. తీసిన పాతతీగలను పాఱవేయక, ఒక్కొక్కదాని జానెడు ముక్కను వేఱువేఱు కాగితములలో చుట్టి, సారణియో, పంచమమో, మంద్రమో, అనుమంద్రమో, తాళపుతీగయో పైన వ్రాసి, తీగలు తెచ్చువానిచేతి కీయవలెను. కాకినాడలోనో రాజమహేంద్రవరములోనో దుకాణదారుడు ఆ ముక్కను సన్నకొలతతో కొలిచి, లావును, చుట్టు లోహమును చూచి, సరిపోవు తీగను ఇయ్యగలడు. ఒట్టిమాటతో, వీణకు లావుతీగ ఒకటి యిమ్మన్నచో, వాని దగ్గఱ ఏది యున్నదో అది వచ్చును.